టిప్పరరీ 3-27, కార్క్ 1-18: రెండో సగంలో అసలేం జరిగింది?

సాయి_నేస్
జూలై 21, 2025, ఉదయం 8:10

నిన్న డబ్లిన్ క్రోక్ పార్క్ స్టేడియంలో ఆల్ ఐర్లాండ్ హర్లింగ్ ఫైనల్, కార్క్, టిప్పరరీ కౌంటీల మధ్య జరిగింది, ఎవరైనా చూశారా? నాకు ఈ ఆట ఇంకా కొత్తే. ఈ సీజన్‌ని సగం సగం ఫాలో అయ్యాను. హాఫ్‌టైమ్‌కి కార్క్ 1-16, టిప్పరరీ 0-13. కార్క్‌ది ఆరు పాయింట్ల ఆధిక్యం. మా ఆఫీసులో కార్క్ కుర్రాడొకడు అప్పుడే గ్రూపులో సోమవారం సెలవని మెసేజ్ పెట్టేశాడు. ఆట అయ్యేసరికి టిప్పరరీ 3-27, కార్క్ 1-18. అంటే రెండో సగం మొత్తంలో కార్క్‌కి వచ్చినవి రెండంటే రెండు పాయింట్లు!

కార్క్ చేతులెత్తేసింది అని అందరూ ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. నాకు ఆ మాట సరిపోవడం లేదు. ముప్పై ఐదు నిమిషాల్లో ఒక మంచి జట్టు అంతలా ఎలా మాయమవుతుంది? తెలిసినవాళ్ళు చెప్పండి.


కూకట్‌పల్లి_కిరణ్
ఉదయం 8:42

ముందు 3-27 అంటే ఏంటో చెప్పండి బ్రో. అది స్కోరా, ఇంటి నంబరా?


లిమరిక్_లక్ష్మి
ఉదయం 9:05

కిరణ్ గారూ, మొదటి అంకె గోల్స్, రెండోది పాయింట్లు. గోల్‌పోస్టు ఇంగ్లీషు హెచ్ ఆకారంలో ఉంటుంది. అడ్డకర్ర కింద నుంచి వలలో పడితే గోల్, దానికి మూడు పాయింట్లు. అడ్డకర్ర పైనుంచి, రెండు స్తంభాల మధ్యగా పోతే ఒక పాయింటు. 3-27 అంటే 36 అన్నమాట, 1-18 అంటే 21. తేడా 15.

జట్టుకి పదిహేను మంది, ఆట డెబ్బై నిమిషాలు. చేతిలో హర్లీ అనే చెక్క కర్ర, స్లిటర్ అనే చిన్న తోలు బంతి. బంతిని చేత్తో పట్టుకుని నాలుగు అడుగులకు మించి వేయకూడదు. హర్లీ చివర మీద నిలబెట్టుకుని మాత్రం ఎంత దూరమైనా పరిగెత్తచ్చు. చుట్టూ నలుగురు కర్రలు తిప్పుతుండగా ఆ పని చేయాలి. 2010 నుంచి అందరికీ హెల్మెట్ తప్పనిసరి చేశారు. అంతకుముందు పెద్దవాళ్ళలో చాలామంది ఉత్త తలతోనే ఆడేవాళ్ళట. తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది.

ఇక సాయి గారి ప్రశ్న. నేను లిమరిక్ మనిషిని. ఈ ఏడు మా ఏడుపు మాకుంది. కార్క్, టిప్ (టిప్పరరీ) వాళ్ళు వచ్చి తేల్చుకోండి.


లీ_ఒడ్డు_రాజేష్
ఉదయం 10:20

రాయాలని లేదు గానీ రాస్తున్నా.

ఇరవై ఏళ్ళు అయింది. కార్క్ చివరిసారి లియమ్ మెకార్తీ కప్పు, అదే ఆల్ ఐర్లాండ్ కప్పు, ఎత్తింది 2005లో. ఆ తర్వాత 2006, 2013, 2021, 2024, ఇప్పుడు 2025. అన్నీ ఫైనల్లో ఓడినవే. ముప్పై సార్లు గెలిచిన కౌంటీ ఇది. మా చరిత్రలో ఇంత కరువు ఎప్పుడూ లేదు. పోయినేడు క్లేర్ మీద ఎక్స్‌ట్రా టైమ్‌లో 1-34, 3-29తో ఒక్క పాయింటు తేడాలో పోయింది. చివరి క్షణంలో మావాడు రాబీ ఓఫ్లిన్ జెర్సీని క్లేర్ వాళ్ళు లాగినా ఫ్రీ (ఫౌల్‌కి ఇచ్చే ఫ్రీ హిట్) ఇవ్వలేదు. దాని గురించి ఏడాదంతా తిట్టుకున్నాం. తిట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండటం కూడా అదృష్టమేనని నిన్న అర్థమైంది.

ఈ ఏడు ఎలా ఆడామో చూడండి. ఏప్రిల్‌లో లీగ్ (ఛాంపియన్‌షిప్‌కి ముందు జరిగే వేరే పోటీ) గెలిచాం, 1998 తర్వాత మొదటిసారి. అదీ ఫైనల్లో ఇదే టిప్పరరీని 3-24, 0-23తో కొట్టి. మూడు వారాల తర్వాత ఛాంపియన్‌షిప్‌లో మళ్ళీ వాళ్ళనే పదిహేను పాయింట్ల తేడాతో ఓడించాం. జూన్‌లో మా ప్రొవిన్స్ మన్‌స్టర్ ఫైనల్, లిమరిక్ సొంత మైదానంలో. ఎక్స్‌ట్రా టైమ్ కూడా అయ్యాక 1-30, 2-27, సమానం. పెనాల్టీల్లో 3-2తో గెలిచాం. మన్‌స్టర్ ఫైనల్ పెనాల్టీల దాకా వెళ్ళడం అదే మొదలు. సెమీస్‌లో డబ్లిన్ మీద ఏడు గోల్స్, 7-26. ఇంకేం కావాలి?

సాయి, నన్నడిగితే ఒకటే మాట. టెన్షన్. ఇరవై ఏళ్ళ బరువు రెండో సగంలో కాళ్ళకి చుట్టుకుంది.


నీనా_ప్రసాద్
ఉదయం 11:48

రాజేష్, నీ బాధ అర్థమవుతోంది. కానీ టెన్షన్ అని ఒక్క మాటలో కొట్టేస్తే మావాళ్ళు చేసిన పనికి విలువ లేకుండా పోతుంది. కాస్త పెద్దగా రాస్తాను, ఓపికుంటే చదవండి.

2024 నుంచి మొదలుపెట్టాలి. పోయినేడు టిప్పరరీ మన్‌స్టర్‌లో ఒక్క మ్యాచ్ గెలవలేదు. వాటర్‌ఫర్డ్‌తో డ్రా, మిగతా మూడూ ఓటమి. అందులో కార్క్ మా థర్లెస్‌కే వచ్చి పద్దెనిమిది పాయింట్ల తేడాతో కొట్టి పోయింది. అక్కడి సెంపుల్ స్టేడియంలో ఎటు చూసినా కార్క్ వాళ్ళ ఎర్ర జెండాలే. 1884లో గేలిక్ ఆటల సంఘం పుట్టింది ఆ ఊళ్ళోనే. అక్కడ అలా కావడం ఎంత అవమానమో టిప్ వాళ్ళనే అడగాలి. మేనేజర్ లియమ్ కాహిల్‌ని పంపేయాలన్నవాళ్ళు తక్కువేమీ లేరు. మా ఊరు నీనా పబ్బుల్లో అదే మాట.

ఈ ఏడు మొదలు కూడా గొప్పగా ఏం లేదు. లిమరిక్‌తో డ్రా. రెండో మ్యాచ్ కార్క్‌లో. డారా మెకార్తీ అని పంతొమ్మిదేళ్ళ కుర్రాడు. ఆట మొదలయ్యీ కాకముందే ప్రత్యర్థిని కర్రతో కొట్టాడని రెడ్ కార్డు. పద్నాలుగు మందితో ఆడి పదిహేను పాయింట్ల తేడాతో ఓడాం. వేరే మేనేజర్ అయితే ఆ కుర్రాణ్ణి ఆ సీజన్‌కి పక్కన కూర్చోబెట్టేవాడు. కాహిల్ ఆ పని చేయలేదు. తర్వాత క్లేర్ వాళ్ళ ఊరు ఎన్నిస్ వెళ్ళి వాళ్ళని ఓడించాం. పోయినేటి ఛాంపియన్లు వాళ్ళు, ఈసారి గ్రూపు కూడా దాటలేదు. వాటర్‌ఫర్డ్ మీద కూడా గెలిచి మన్‌స్టర్‌లో మూడో స్థానంలో గట్టెక్కాం.

మూడో స్థానం అంటే పొడుగు దారి. లేయిష్, తర్వాత గాల్వే, తర్వాత కిల్కెన్నీ, ఆ తర్వాత ఫైనల్. ప్రతి మ్యాచ్‌కీ జట్టు కొంచెం కొంచెం గట్టిపడింది. కార్క్‌కి మన్‌స్టర్ గెలిచినందుకు నేరుగా సెమీస్. బహుమతిలాగే కనిపిస్తుంది గానీ నాలుగు వారాలు ఖాళీగా కూర్చోవాలి.

ఇక నిన్న జరిగింది. కార్క్ బలం వాళ్ళ ముందు వరస. బ్రయన్ హేస్, అలన్ కానొలీ. వాళ్ళ మీదికి పొడుగు బంతి వేయడం, అక్కడ పట్టుకుని గోల్‌కి పోవడం. డబ్లిన్ మీద ఏడు గోల్స్ ఆ దారిలోనే. కాహిల్ నిన్న బ్రయన్ ఒమారాని స్వీపర్‌గా, అంటే వెనక అదనపు డిఫెండరుగా, వెనక్కి లాగి, ఆ బంతులు పడే చోటనే నిలబెట్టాడు. ముందు ఎవరూ ఊహించలేదు. టిప్పరరీ సాధారణంగా అలా ఆడే జట్టు కాదు. పాత తరం వాళ్ళు స్వీపర్ మాటెత్తితేనే మొహం చిట్లిస్తారు. హాఫ్‌టైమ్‌కి ఆరు పాయింట్లు వెనకబడ్డాం నిజమే. కానీ కార్క్‌కి వచ్చిన ఒక్క గోల్ కూడా సగం ముగిసే ముందు షేన్ బారెట్ కొట్టిందే. అది లేకపోతే తేడా మూడే.

రెండో సగంలో కార్క్ వేసిన ప్రతి పొడుగు బంతీ మా వాళ్ళ చేతుల్లో పడింది. జాన్ మెగ్రా గోల్. తర్వాత ఓయిన్ డౌనీకి రెండో పసుపు కార్డు, దాంతో పెనాల్టీ, డారా మెకార్తీ గోల్. మళ్ళీ జాన్ మెగ్రా. కార్క్‌కి పెనాల్టీ వస్తే కానర్ లెహేన్ కొట్టాడు, మా గోలీ రీస్ షెల్లీ ఆపాడు. ఆపడంతో ఊరుకోలేదు, దూరం నుంచి తనే ఒక పాయింటు కూడా కొట్టాడు. గోలీ ఆట నడుస్తుండగా పాయింటు కొట్టడం ఫైనల్లో ఎన్నిసార్లు చూస్తాం? రెండో సగం లెక్క: టిప్ 3-14, కార్క్ 0-2.

ఏప్రిల్‌లో రెడ్ కార్డు తిన్న ఆ పంతొమ్మిదేళ్ళవాడు నిన్న ఒక్కడే 1-13 కొట్టాడు. కార్క్ జట్టంతా కలిపి కొట్టింది 1-18.


కూకట్‌పల్లి_కిరణ్
మధ్యాహ్నం 12:15

ఏప్రిల్లో పదిహేను తేడాతో ఓడి, జూలైలో అదే జట్టు మీద పదిహేను తేడాతో గెలిచారా! స్క్రిప్టు రాసి ఆడినట్టుంది.


లీ_ఒడ్డు_రాజేష్
మధ్యాహ్నం 12:31

ప్రసాద్ అన్నా, ఒకటి అడుగుతా. స్వీపర్ అంత మంత్రమైతే మొదటి సగంలో మేం 1-16 ఎలా కొట్టాం? అప్పుడు కూడా ఒమారా అక్కడే ఉన్నాడు కదా. మీరు ఒకణ్ణి వెనక్కి లాగితే మా వెనక వరసలో ఒకడు ఖాళీగా ఉంటాడు. వాడి ద్వారా దూరం నుంచి పాయింట్లు కొట్టుకుంటూ పోయాం. రెండో సగంలో అదే పని ఎందుకు చేయలేదు? గోల్ కావాలనే ఆత్రం. ఆత్రం ఎక్కణ్ణుంచి వచ్చింది? మళ్ళీ నా మాటకే వస్తున్నాం.


నీనా_ప్రసాద్
మధ్యాహ్నం 12:50

మంచి ప్రశ్నే. నా లెక్కలో స్వీపర్ వల్ల మొదటి సగంలో మీకు పాయింట్లు ఆగలేదు, గోల్స్ ఆగాయి. అదే కాహిల్‌కి కావలసింది. ఏడు గోల్స్ కొట్టే జట్టుని పాయింట్లతోనే సరిపెట్టుకునేలా చేస్తే ఆట చేతిలోంచి పోదు. రెండో సగంలో మా ముందు వరస మీ వెనక వరస మీద పడింది. మీ ఖాళీ మనిషికి నిదానంగా చూసి కొట్టే టైమ్ లేకుండా చేశారు. టైమ్ లేనివాడు బంతిని గాల్లోకి లేపుతాడు. లేపితే ఒమారా.

టెన్షన్ అసలు లేదని నేననను. కానీ దాన్ని పుట్టించిందెవరు అన్నదే నా ప్రశ్న.


సాయి_నేస్
మధ్యాహ్నం 1:10

ఈ రెండు వివరణలూ కలిపితే నాకు బొమ్మ కనిపిస్తోంది. ప్రసాద్ గారూ, ఇంకో డౌటు. ఈ రెండు కౌంటీలూ పక్కపక్కనే ఉంటాయి కదా. ఇంతకుముందు ఫైనల్లో ఎప్పుడూ తలపడలేదని కామెంటరీలో విన్నాను. నిజమేనా?


నీనా_ప్రసాద్
మధ్యాహ్నం 1:22

నిజమే, ఇదే మొదటి కార్క్-టిప్పరరీ ఫైనల్. రెండూ మన్‌స్టర్ ప్రొవిన్స్‌లోవి. పాత పద్ధతిలో ప్రొవిన్స్‌లో ఓడితే ఆ ఏడుకి ఇంటికే. కాబట్టి ఈ ఇద్దరిలో ఒకరే ముందుకి వెళ్ళేవారు. 1997లో ఓడిన ప్రొవిన్స్ ఫైనలిస్టులకి రెండో అవకాశం ఇవ్వడం మొదలుపెట్టారు. 2018 నుంచి ప్రొవిన్స్‌లోనే రౌండ్ రాబిన్. మన్‌స్టర్‌లో ఐదు జట్లు, ఇంకో ప్రొవిన్స్ లెన్‌స్టర్‌లో ఆరు. ఒక్కో దాంట్లోంచి ముగ్గురు ముందుకి. మన్‌స్టర్‌లో ఐదుగురిలో ఇద్దరు మే నెలలోనే ఇంటికి. క్లేర్ లాంటి జట్టు కప్పు గెలిచిన మరుసటేడే పోయిందంటే అందుకే.


లిమరిక్_లక్ష్మి
మధ్యాహ్నం 2:04

రౌండ్ రాబిన్‌లో ఇదే కార్క్‌ని మేం 3-26, 1-16తో పదహారు పాయింట్ల తేడాతో ఓడించాం. అది ఎవరికీ గుర్తులేదు ఇక్కడ. 😒

మా సంగతి కూడా చెప్పాలి. 2018లో గెలిచాం, తర్వాత 2020 నుంచి 2023 దాకా వరసగా నాలుగు. ఈ ఏడు మన్‌స్టర్ గెలిస్తే వరసగా ఏడోది అయ్యేది. అది పెనాల్టీల్లో పోయింది. సరేలే అనుకుంటే క్వార్టర్స్‌లో డబ్లిన్.

డబ్లిన్ అంటే గేలిక్ ఫుట్‌బాల్ ఊరని ఇక్కడ ఎవరైనా చెబుతారు. హర్లింగ్‌లో వాళ్ళని ఎవరూ లెక్కపెట్టరు. పైగా వాళ్ళ కెప్టెన్ క్రిస్ క్రమీకి మొదటి సగంలోనే రెడ్ కార్డు. పద్నాలుగు మంది. నేను నిశ్చింతగా వంటింట్లోకి వెళ్ళాను. వచ్చి చూస్తే జాన్ హెథర్టన్, కియన్ ఒసల్లివన్ నిమిషాల తేడాలో రెండు గోల్స్ కొట్టేశారు. 2-24, 0-28. రెండు పాయింట్లతో పోయాం. మా ఆయన ఇప్పటికీ నేను వంటింట్లోకి వెళ్ళడం వల్లే ఓడామంటాడు.

ఈ సీజన్‌లో నాకు నచ్చిన మ్యాచ్ ఏదంటే మేం ఓడిన అదే మ్యాచ్. మనసు ఒప్పుకోకపోయినా. ఒక మనిషి తక్కువైనప్పుడు మిగతా పద్నాలుగు మందీ పరుగు పెంచితే పెద్ద జట్టు కూడా తడబడుతుందని అక్కడ చూశాను. రెండు వారాలకే ఆ డబ్లిన్‌ని కార్క్ ఏడు గోల్స్‌తో చితక్కొట్టింది. అందుకే ఒక ఫలితాన్ని పట్టుకుని జట్టు ఇంతే అని నేననను, నిన్నటి కార్క్ విషయంలో కూడా.


నోర్_సునీల్
మధ్యాహ్నం 3:15

కిల్కెన్నీ నుంచి ఒక్కణ్ణే ఉన్నట్టున్నా. ముప్పై ఆరు కప్పులున్న కౌంటీ అండీ మాది, కాస్త గౌరవం ఇవ్వండి. 😀 కానీ చివరిది 2015. అంటే మాక్కూడా పదేళ్ళు. లెన్‌స్టర్ మాత్రం ఈసారీ మాదే, గాల్వేని ఓడించి వరసగా ఆరోది.

సెమీస్ గురించి ఎవరూ మాట్లాడరేం? టిప్పరరీ 4-20, కిల్కెన్నీ 0-30. మేం ముప్పై పాయింట్లు కొట్టి ఓడాం, ఒక్క గోల్ రాలేదు. వాళ్ళు నాలుగు గోల్స్ కొట్టారు, చివర్లో కుర్రాడు ఓషీన్ ఓడొనహ్యూ కొట్టిన దాంతో సహా. డారా మెకార్తీ ఆ మ్యాచ్‌లో కూడా రెండు పసుపులతో బయటికి వెళ్ళాడు. అయినా ఓడాం.

అన్నిటికన్నా మంట పుట్టించేది స్కోర్‌బోర్డు. ఆట నడుస్తుండగా లెక్కలో ఒక పాయింటు తప్పు పడింది. అసలు స్కోరెంతో తర్వాత అధికారికంగా ప్రకటించాల్సి వచ్చింది. ఎనభై వేల మంది పట్టే స్టేడియం, బంతి పోస్టు లోపల పోయిందా బయట పోయిందా చూడ్డానికి కెమెరాల టెక్నాలజీ, అన్నీ ఉండి కూడిక రాలేదు! ఆఖరి నిమిషాల్లో ఎంత వెనకబడ్డామన్నదాన్ని బట్టే కదా పాయింటు కొట్టాలా, గోల్‌కి పోవాలా అని నిర్ణయించుకునేది.


నీనా_ప్రసాద్
మధ్యాహ్నం 3:30

సునీల్ గారూ, స్కోర్‌బోర్డు తప్పు తప్పే, దాన్ని సమర్థించను. కానీ నాలుగు గోల్స్ బోర్డు మీద పొరపాటున పడినవి కాదు కదండీ.


నోర్_సునీల్
మధ్యాహ్నం 3:34

అదొక్కటే నన్ను రాత్రి నిద్రపోనిస్తోంది.


కూకట్‌పల్లి_కిరణ్
సాయంత్రం 4:02

ఇంత మంది చూస్తారు, ఇంత గొడవ. ఆ డారా మెకార్తీకి ఇప్పుడు రేటు పెరిగిపోయుంటుంది. వేలం ఎప్పుడు? కార్క్ వాళ్ళు కొనుక్కోవచ్చుగా?


లిమరిక్_లక్ష్మి
సాయంత్రం 4:20

ఐపీఎల్ కళ్ళతో చూడకండి కిరణ్ గారూ. వేలం లేదు, ట్రాన్స్‌ఫర్ ఫీజు లేదు, జీతమే లేదు. వీళ్ళంతా అమెచ్యూర్లు. ప్రయాణ ఖర్చులూ, చిన్న చిన్న భత్యాలూ తప్ప ఆడినందుకు డబ్బివ్వరు. సోమవారం స్కూల్లో పాఠం చెప్పేవాళ్ళు, గార్డా పోలీసులు, పొలం పని చేసేవాళ్ళు, కాలేజీ పిల్లలు. పుట్టి పెరిగిన ఊరి క్లబ్బుకి ఆడతారు, అందులోంచి కౌంటీకి ఎంపికవుతారు. కౌంటీ మారడం చాలా అరుదు.

దాని వల్ల ఒక చిత్రం జరుగుతుంది. క్రోక్ పార్క్‌లో గోల్ కొట్టినవాడు ఆ వారంలోనే మీ ముందు సూపర్‌మార్కెట్ క్యూలో పాల డబ్బా పట్టుకుని నిలబడి ఉంటాడు. ఎవరూ ఫొటోకి ఎగబడరు. పెద్దవాళ్ళు మాత్రం ఆ రెండో బంతి ఎందుకు వదిలేశావ్ అని నిలదీస్తారు.

టిక్కెట్లు కూడా అంతే. ఫైనల్‌వి ఎక్కువ భాగం క్లబ్బుల ద్వారానే పంచుతారు. ఊళ్ళో క్లబ్బుకి ఏదో ఒక పని చేసి ఉంటేనే దొరికే అవకాశం. డబ్బుంటే చాలదు.


కూకట్‌పల్లి_కిరణ్
సాయంత్రం 4:26

జీతం లేకుండా ఆ కర్ర దెబ్బలా? దండం తల్లీ.


సాయి_నేస్
సాయంత్రం 5:40

లక్ష్మి గారూ, మా వాడికి ఆరేళ్ళు. నిన్న మ్యాచ్ చూసినప్పటి నుంచి ఇంట్లో గరిటె పట్టుకుని తిరుగుతున్నాడు. మేముండే కిల్‌డేర్ కౌంటీలో హర్లింగ్ ఉంటుందా? మన పిల్లల్ని చేర్చుకుంటారా? మా ఆవిడకి దెబ్బల భయం.


లిమరిక్_లక్ష్మి
సాయంత్రం 6:05

ఉండకపోవడమేంటి? ఈ ఏడు రెండో శ్రేణి కప్పు, జో మక్‌డొనా కప్పు గెలిచింది మీ కిల్‌డేరే, ఫైనల్లో లేయిష్‌ని ఓడించి. మీ వీధి చివర ఏ క్లబ్బు ఉందో చూసుకోండి. శనివారం పొద్దున చిన్నపిల్లల శిక్షణ దాదాపు అన్ని చోట్లా ఉంటుంది. పాప ఉంటే అదే ఆట ఆడపిల్లలకి కామోగీ పేరుతో ఉంటుంది.

మా వాణ్ణి చేర్పించినప్పుడు నాకూ భయమేసింది. చిన్నపిల్లలకి బంతి మెత్తగా ఉంటుంది, హెల్మెట్ లేకుండా మైదానంలో అడుగే పెట్టనివ్వరు. హర్లీ మాత్రం ఎత్తుకి సరిపోయేది కొనండి. నిలబడి చేయి కిందికి వదిలితే పిడి చివర మణికట్టు దగ్గరికి రావాలి. ఎదుగుతాడులే అని పెద్దది కొంటే వాడికి తిప్పడం రాదు, రెండు వారాల్లో మానేస్తాడు. మేం చేసిన నిర్వాకం అదే.

తల్లిదండ్రులు కూడా ఏదో ఒకటి చేయాలి. టీ పెట్టడం, కోన్లు సర్దడం. పొరుగువాళ్ళతో నాకు అసలు పరిచయాలు మొదలైంది అక్కడే, ఆఫీసులో కాదు.


లీ_ఒడ్డు_రాజేష్
సాయంత్రం 6:48

మన పిల్లల్ని చేర్చుకుంటారా అన్న మాటకి ఒకటి చెప్పాలి. 2005లో మేం చివరిసారి గెలిచినప్పుడు కప్పు ఎత్తిన కెప్టెన్ షాన్ ఓగ్ ఓహాల్పిన్. అమ్మ ఫిజీ దేశపు రొటుమా ద్వీపం ఆవిడ, నాన్న ఫెర్మనా కౌంటీ ఆయన. హర్లింగ్‌కి ఏ మాత్రం పేరు లేని రెండు చోట్లు! అతను కప్పు తీసుకుని ప్రసంగం మొత్తం ఐరిష్‌లోనే ఇచ్చాడు. వెక్స్‌ఫర్డ్‌లో లీ చిన్ ఉన్నాడు, నాన్న మలేషియా నుంచి వచ్చినవాడు. లీట్రిమ్‌కి ఆడిన జాక్ మొరాది కుర్దిష్ శరణార్థి కుటుంబంలో పుట్టినవాడు, క్రోక్ పార్క్‌లో చిన్న కౌంటీల కప్పు గెలిచాడు. కప్పుకి పేరున్న లియమ్ మెకార్తీ కూడా లండన్‌లో పుట్టినవాడే, కార్క్ నుంచి వలస వెళ్ళినవాళ్ళ కొడుకు.

కాబట్టి సాయి, పంపించు. పదిహేనేళ్ళకి కిల్‌డేర్‌లో మన పేరొకటి వినిపిస్తే కార్క్‌ని మాత్రం కొట్టొద్దని చెప్పు.


పాత_కబడ్డీ_శ్రీను
రాత్రి 8:12

కర్రల మీద ఒక ప్రశ్న. ఆ హర్లీలు యాష్ చెట్టు మొదలు నుంచి చేస్తారని చదివాను. ఆ చెట్లకి తెగులు వచ్చిందట కదా?


నీనా_ప్రసాద్
రాత్రి 8:40

అవును శ్రీను గారూ. వేరు దగ్గర మొదలు ఎలా వంపు తిరుగుతుందో చెక్క గీతలు కూడా అలాగే తిరుగుతాయి. హర్లీ కింది భాగం ఆ వంపులోంచే తీస్తారు, అందుకే అంత దెబ్బకీ తట్టుకుంటుంది. 2012లో ఐర్లాండ్‌లో ఆ చెట్ల తెగులు బయటపడింది. అప్పటి నుంచి తోటలకి తోటలే ఎండిపోతున్నాయి. ఇప్పుడు చెక్క బయటి దేశాల నుంచి తెస్తున్నారు. వెదురువీ, సింథటిక్‌వీ కూడా వచ్చాయి. మా పక్కింటి పెద్దాయన సింథటిక్ హర్లీని చేత్తో కూడా ముట్టడు. పిల్లలకి ఆ పట్టింపు లేదు.

ఇంకో మాట రాసి పడుకుంటా. ఈ టిప్ కుర్రాళ్ళలో చాలామంది డిలన్ క్విర్క్‌తో కలిసి ఆడినవాళ్ళు. 2022 ఆగస్టులో సెంపుల్ స్టేడియంలో క్లబ్ మ్యాచ్ ఆడుతూ కుప్పకూలి చనిపోయాడు, ఇరవై నాలుగేళ్ళకే. ఇక్కడ టిప్‌లో ఈ గెలుపు గురించి ఎవరు మాట్లాడినా రెండో మాటగా అతని పేరు వస్తోంది. బయటివాళ్ళకి తెలియదని రాశాను.


మోడరేటర్
రాత్రి 9:00

మంచి చర్చ. వచ్చే ఆదివారం కెర్రీ, డొనెగాల్ ఫుట్‌బాల్ ఫైనల్ గురించి ఇక్కడ కాకుండా వేరే దారం తెరవండి. ఆ రెండూ కలిస్తే ఎవరు ఎవరిని తిడుతున్నారో నాకు తెలియడం లేదు.


సాయి_నేస్
నవంబరు 9, 2025, ఉదయం 10:30

పాత దారం పైకి తెస్తున్నా. మా వాడు క్లబ్బులో చేరాడు, హర్లీ సైజు సరిగ్గానే కొన్నాం, థాంక్యూ లక్ష్మి గారూ.

అవార్డులు చూశారా? జాన్ మెగ్రా ఈ ఏటి ఉత్తమ హర్లర్, డారా మెకార్తీ ఉత్తమ యువ ఆటగాడు. ఏప్రిల్లో రెడ్ కార్డు చూసి వాణ్ణి తిట్టినవాళ్ళు ఇప్పుడేమంటున్నారు ప్రసాద్ గారూ?


నీనా_ప్రసాద్
ఉదయం 11:15

మొదటి నుంచీ వాడి మీద నమ్మకం ఉందంటున్నారు. అందరూ!


లీ_ఒడ్డు_రాజేష్
మధ్యాహ్నం 12:40

మా దగ్గర పాట్ రయన్ తప్పుకున్నాడు, బెన్ ఒకానర్ మేనేజర్ అయ్యాడు. 2004లో కప్పు గెలిచిన కార్క్ కెప్టెన్ అతనే. పాట్రిక్ హోర్గన్ కూడా కౌంటీ జెర్సీ విప్పేశాడు. ఆ వార్త దగ్గర నేను ఆగిపోయాను.

2008లో వచ్చాడు, అంటే చివరి కప్పుకి మూడేళ్ళు ఆలస్యంగా. ఛాంపియన్‌షిప్ చరిత్రలో అతని స్థాయిలో పాయింట్లు కొట్టినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. 2013 ఫైనల్లో ఇంజరీ టైమ్‌లో అతను కొట్టిన పాయింటుతో కార్క్ ముందుంది. కప్పు చేతికొచ్చినట్టే అనుకున్నాం. అంతలో క్లేర్ డిఫెండర్ డోనల్ ఓడొనవన్ ముందుకొచ్చి సమానం చేశాడు. రీప్లేలో ఓడాం. పదిహేడేళ్ళు ఆడి ఆల్ ఐర్లాండ్ మెడల్ లేకుండా వెళ్ళాడు. జూలైలో ప్రసాద్ అన్న స్వీపర్ గురించి రాసిందంతా ఇప్పుడు మళ్ళీ చదివాను. ఒప్పుకుంటా, ప్లాన్ మీదే గెలిచారు. కానీ ఆ రెండో సగంలో ఒక్క పది నిమిషాలు నిదానంగా ఆడి ఉంటే హోర్గన్ కోసమైనా... సరే, వదిలేద్దాం.


నీనా_ప్రసాద్
మధ్యాహ్నం 1:05

హోర్గన్ గురించి టిప్‌లో కూడా ఎవరూ చెడ్డమాట అనరు రాజేష్. ఫ్రీ దగ్గర అతను నిలబడితే మా వాళ్ళు కూడా పాయింటు రాసేసుకునేవాళ్ళు.

అయితే లెక్క మాత్రం మర్చిపోకు. ఈ కప్పుతో మాకు 29, మీకు 30. ఇంకొక్కటే.


లీ_ఒడ్డు_రాజేష్
మధ్యాహ్నం 1:11

వచ్చే వేసవిలో థర్లెస్‌లో కనబడు, అక్కడ మాట్లాడుకుందాం. లీగ్ మ్యాచ్‌లు జనవరి ఆఖర్లో మొదలవుతాయి. కార్క్‌లో ఆడేవాటికి నా కారులో రెండు సీట్లు ఖాళీ. సాయి, నువ్వూ మీవాడూ వస్తానంటే ఇప్పుడే చెప్పు. వాడికి ఎర్ర టోపీ నేను కొంటా.


సాయి_నేస్
మధ్యాహ్నం 1:30

వస్తాం. టోపీ మాత్రం తెల్లది కొనండి, వాడు కిల్‌డేర్ క్లబ్బు.